క్రాకోవ్‌లో ముందెవరు తినాలి

పోలండు దేశంలో క్రాకోవ్ అనే ఊరు వెళ్తే ఎక్కడ తినాలి, ఏం తాగాలి అని ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. ఆ ఊళ్ళో ఐదు రోజుల్లో ముప్ఫై ఎనిమిది భోజనశాలల గుమ్మాలు కొలిచి, కుర్చీలు లెక్కపెట్టి, అరవై రెండు పేజీల నివేదిక రాసినవాణ్ణి మా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. తిన్నది మాత్రం చాలా తక్కువ. ఎందుకు తక్కువో చెప్పాలంటే ముందు మా ఆఫీసు గురించి చెప్పాలి.

నేను మా నగరపాలక సంస్థలో ప్రొటోకాల్ అసిస్టెంటుని. పేరు పరాంకుశం. సభల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, ఎవరి మెడలో దండ ముందు పడాలి, ఎవరి పేరు ఎవరి పేరు తర్వాత చదవాలి, ఇదీ నా ఉద్యోగం. వేరే ఊళ్ళలో ఇది హాయిగా కాలక్షేపం చేసే ఉద్యోగమట. మా ఊళ్ళో మాత్రం కూర్మనాథం గారూ, జోగారావు గారూ ఉన్నారు.

ఇద్దరూ డిప్యూటీ కమిషనర్లు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే పూట, ఒకే బల్లకి చెరో చివర కూర్చుని ఉద్యోగంలో చేరినట్టు సంతకం పెట్టారు. ఇద్దరిలో ఎవరు సీనియరు అన్న కేసు పంతొమ్మిదేళ్ళుగా ట్రిబ్యునల్‌లో నడుస్తోంది. కేసు తేలేదాకా ఒకరికంటే ఒకరు వెనకబడినట్టు ఏ చిన్న సాక్ష్యం పుట్టినా అవతలివారి వకీలు దాన్ని పట్టుకుపోతాడు. అంచేత మా ఆఫీసులో వాళ్ళిద్దరి గదుల గుమ్మాలూ ఒకే వెడల్పు. ఫ్యాన్లు ఒకే వేగం. అటెండరు అప్పలస్వామి రెండు చేతులతో రెండు టీ గ్లాసులు పట్టుకెళ్ళి ఇద్దరి ముందూ ఒకేసారి పెడతాడు. ఎడమచేతి గ్లాసు ఎవరిదన్న గొడవ రాకుండా రోజు విడిచి రోజు చేతులు అడ్డంగా మెలేసుకుని పెడతాడు. ఆ మెలికతోనే అతనికి ఉత్తమ ఉద్యోగి పతకం వచ్చింది.

ఇలా ఉండగా శ్రామిక భోజనశాలల పథకం వచ్చింది. క్రాకోవ్‌లో పాల క్యాంటీన్లు అని ఉన్నాయి. పాత కాలం నుంచీ సర్కారు సాయంతో నడుస్తున్న సాదా భోజనశాలలు. కూలీ అయినా ప్రొఫెసరు అయినా వరసలో నిలబడి, చీటీ తీసుకుని, కిటికీ దగ్గర పళ్ళెం అందుకుని తింటారు. అలాంటిది మా రైతుబజారులో పెట్టాలని ప్రభుత్వం తలచింది. షెడ్డు కట్టారు. నడిపే బాధ్యత పదకొండుమంది ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఇచ్చారు. సంఘం నాయకురాలు కోరాడ నూకరత్నం, అదే బజారు గేటు దగ్గర ఇరవై ఏళ్ళుగా ఇడ్లీ బండి నడిపిన మనిషి. పథకం నిబంధనల్లో ఒక చివరి మెలిక ఉంది. అధ్యయన బృందం క్రాకోవ్ వెళ్ళి, సభ్యులందరూ పాల క్యాంటీనులో స్వయంగా భుజించినట్లు ధ్రువీకరించాలి. యాత్ర ఆఖరి రోజు శుక్రవారం సాయంత్రం మా ఆఫీసు మూసే లోపల ఆ ధ్రువీకరణ అందకపోతే మంజూరు రద్దయి, షెడ్డు వీధిదీపాల గోడౌను అయిపోతుంది.

బృందంలో ఒక డిప్యూటీ కమిషనర్ని పంపితే రెండోవారు కోర్టుకెళ్తారు. అందుకని ఇద్దరినీ పంపారు. నాయకుడు ఎవరన్నది ఉత్తర్వులో రాయలేదు. నూకరత్నాన్ని లబ్ధిదారుల ప్రతినిధిగా పంపారు. నన్ను పంపుతూ చేతిలో ఒక సర్క్యులర్ పెట్టారు.

"విషయము: విదేశీ అధ్యయన యాత్ర యందు ఆహార పానీయముల స్వీకరణలో సమకాలికత పాటించుట గురించి. సదరు ఇరువురు అధికారులు ఏ భోజనశాలయందైనను ఏకకాలమున ప్రవేశించి, ఏకకాలమున ఆసీనులై, ఏకరూప ఏకప్రమాణ ఆహారమును ఏకకాలమున నోటియందుంచుకొనవలెను. ఇందు ఎట్టి వ్యత్యాసము సంభవించినను ప్రొటోకాల్ అసిస్టెంటు వ్యక్తిగతముగా బాధ్యుడగును."

నోట్లో పెట్టుకున్నాక నమలడం గురించి సర్క్యులర్ ఏమీ అనలేదు. అది అధికారుల విచక్షణకు వదిలేశారని నేను అర్థం చేసుకున్నాను. కూర్మనాథం గారు శాకాహారి కాబట్టి ఏకరూప నిబంధన కింద జోగారావు గారు కూడా పోలండులో ఉన్నన్నాళ్ళూ శాకాహారి అయ్యారు. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది గానీ, జాలి చూపడానికి సర్క్యులర్‌లో చోటు లేదు.

సోమవారం క్రాకోవ్ చేరాం. ఆ ఊరి పురపాలక కార్యాలయం తరఫున హలీనా గారని ఒక పెద్దావిడ మమ్మల్ని కలుసుకుంది. మంచి మనిషి, ఇంగ్లీషు నిదానంగా మాట్లాడుతుంది.

"మా ఊరి భోజనం ముందు నేలమాళిగలో తినాలి. చాలా పాతది. మీకు నచ్చుతుంది," అని ఒక సందులోకి తీసుకెళ్ళింది.

నేలమాళిగకి రాతిగుమ్మం. దాని వెనక కిందికి మెట్లు. లోపల్నుంచి వేడి సూపు వాసన వస్తోంది. కూర్మనాథం గారు కుడికాలు ఎత్తారు. అదే క్షణంలో జోగారావు గారూ ఎత్తారు. ఇద్దరూ భుజాల దగ్గర గుమ్మంలో బిగుసుకుపోయారు.

"పరాంకుశం, ఈ ద్వారం వెడల్పెంత?" అని బిగుసుకున్నచోటి నుంచే అడిగారు కూర్మనాథం గారు.

"రెండడుగుల నాలుగంగుళాలు సార్."

"ఇద్దరు డిప్యూటీ కమిషనర్లకు చాలని ద్వారాన్ని ఆమోదించిందెవరు?"

"అది ఆరేడు వందల ఏళ్ళ కిందట కట్టింది సార్."

"అప్పటి బాధ్యుల వివరాలు సేకరించి ఫైల్లో పెట్టు," అన్నారు జోగారావు గారు.

ఇద్దరు సర్వర్లు వచ్చి చెరొకరినీ బయటికి లాగారు. ఒకేసారి లాగేలా నేను ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. ఈ గొడవ జరుగుతుండగా నూకరత్నం వాళ్ళ చంకల కింద నుంచి దూరి లోపలికెళ్ళి, అరగంట తర్వాత మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"పరాంకుశం బాబూ, ఏటి సూపది! పుల్లగా అచ్చం మన తరవాణీ లాగుంది. రొట్టికి బొక్కెట్టి అందలో పోసిచ్చినారు. సూపు తాగీసి గిన్నె కూడా తినీసినాను," అంది.

నేలమాళిగలన్నీ అనర్హం అని ఆ సాయంత్రం నివేదికలో రాశాను. క్రాకోవ్‌లో సగం మంచి భోజనశాలలు నేలమాళిగల్లోనే ఉన్నాయి.

మంగళవారం నాకు రెండు తలుపుల గుమ్మం, గుండ్రటి బల్ల ఉన్న చోటు దొరికింది. గుండ్రటి బల్లకి తలవైపు, కాళ్ళవైపు అంటూ ఉండవు కదా అని సంబరపడ్డాను. అక్కడ పియెరోగీలని పెడతారు. మన కజ్జికాయని నూనెలో వేయించకుండా నీళ్ళలో ఉడకబెట్టి, లోపల కొబ్బరీ బెల్లం బదులు బంగాళాదుంప, విరిగిన పాలముద్ద కూరితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. పైన వేయించిన ఉల్లిపాయలు. సర్వరమ్మాయికి అప్పలస్వామి పద్ధతి నేర్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. చక్కగా రెండు చేతులతో రెండు పళ్ళాలు ఒకేసారి పెట్టింది. పళ్ళేనికి తొమ్మిదేసి. ఇద్దరూ ఫోర్కులు ఎత్తారు. నేను చెయ్యి ఎత్తాను, దించితే తినాలి.

"ఆగు," అన్నారు జోగారావు గారు. "నా పళ్ళెంలో ఒకటి పగిలింది."

నిజమే. ఒకటి అంచు విడిపోయి లోపలి ముద్ద బయటికొచ్చింది. పగిలినది ఒకటి కింద లెక్కా, కాదా? ఇంత పెద్ద విషయంలో నేను నిర్ణయం తీసుకోకూడదు. ఫోటో తీసి హెడ్డాఫీసుకి పంపాను. రెండు గంటల తర్వాత జవాబొచ్చింది.

"పగిలినదానిని పగలనిదానితో సమానముగా పరిగణించుటకు నిబంధనలయందు వీలు లేదు. అయితే రెండవ పళ్ళెరమునందు ఒకదానిని పగులగొట్టి సమానము చేయవచ్చును. పగులగొట్టుటకు అధికారము ఎవరికి గలదో ప్రత్యేకముగా తెలియజేయబడును."

ఆ ప్రత్యేక తెలియజేత ఇంతవరకూ రాలేదు. భోజనశాల వాళ్ళు చల్లారిన పళ్ళాలు తీసేసి, మమ్మల్ని మర్యాదగా సాగనంపారు. దాహం తీరుద్దామని ఎండుపళ్ళు ఉడికించిన తియ్యటి నీళ్ళు తెప్పించాను. దాన్ని కొంపోత్ అంటారు. కూర్మనాథం గారి గ్లాసు అడుగున రెండు పళ్ళు, జోగారావు గారి గ్లాసు అడుగున మూడు. మళ్ళీ ఫోటో తీశాను.

మరి వాళ్ళు బతికిందెలా అంటారా? ఇద్దరూ ఇంటి నుంచి చెరో డబ్బా జంతికలు తెచ్చుకున్నారు. గది తలుపు వేసుకుని తినేవారు. కంటికి కనబడని తిండికి సీనియారిటీ ఉండదని వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ పైకి అనుకోని ఒప్పందం. నేను నూకరత్నం తెచ్చిపెట్టిన బన్నులు తిని బతికాను. ఆమెకి సర్క్యులర్ వర్తించదు. అందుకని మంగళవారం పొద్దున్నే పాల క్యాంటీను వెతుక్కుంటూ వెళ్ళి, వంటగది కిటికీ దగ్గర ఉండే ఇరెనా అనే ఆవిడతో స్నేహం కలిపేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. వంటవాళ్ళకి భాషతో పెద్దగా పని లేదనుకుంటాను. బుధవారానికల్లా నూకరత్నం తలకి తెల్ల గుడ్డ కట్టుకుని, వాళ్ళ వంటింట్లో పియెరోగీల అంచులు నొక్కుతూ కనిపించింది.

"నాను నొక్కినవి పగలవు బాబూ. సార్లని తీసుకొచ్చీ. శుక్రోరం దాకా ఎందుకు, ఇయ్యాలే తినీసి సంతకాలెట్టీమను," అంది.

"వరస ఉంది కదమ్మా. వరసలో ఒకరు ముందుండాలి. దానికి హెడ్డాఫీసు అనుమతి కావాలి."

ఆమె మళ్ళీ అంచులు నొక్కడం మొదలెట్టింది.

బుధవారం నేను మరో ఉపాయం వేశాను. పెద్ద చౌకులో ఉంగరం ఆకారంలో మెలేసిన రొట్టెలు బండ్ల మీద అమ్ముతారు. నువ్వులో గసగసాలో అద్దుతారు. గుమ్మం లేదు, బల్ల లేదు, వడ్డన లేదు. హోటలు వంటింటి త్రాసు అరువు తెచ్చి, పదిహేడు రొట్టెలు తూచి, సమానంగా తూగిన రెండింటిని ఎంచాను. ఇక ఒకేసారి కొరకడం ఎలా? దానికి ఆ ఊరే దారి చూపింది. చౌకు పక్కన చర్చి బురుజు మీంచి గంటగంటకీ ఒకతను బూర ఊదుతాడు. బూర వినబడగానే కొరకాలని ముగ్గురం ఒప్పందానికొచ్చాం.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా ఇద్దరు డిప్యూటీ కమిషనర్లూ కోట్లు వేసుకుని, చౌకు నడుమ పక్కపక్కన నిలబడి, నోటికి రెండంగుళాల దూరంలో రొట్టెలు పట్టుకున్నారు. యాత్రికులు చుట్టూ మూగి ఫోటోలు తీసుకున్నారు. ఒక గైడు తన గుంపుకి ఇది ఏదో తూర్పుదేశపు ప్రార్థన అని చెప్పడం విన్నాను. పదకొండయింది. బూర మోగింది. కూర్మనాథం గారు కొరికారు. జోగారావు గారు కొరకలేదు.

"ఏం సార్?" అన్నాను.

"ఆ బూర నాలుగు దిక్కులకీ నాలుగుసార్లు ఊదుతారని గైడు పుస్తకంలో ఉంది. నాలుగూ పూర్తయితేనే బూర అయినట్టు. ఆయన మొదటి దిక్కుకే కొరికేశాడు. రికార్డు చెయ్యి!"

కూర్మనాథం గారు నోట్లో ముక్కని నమలకుండా బుగ్గన పెట్టుకుని, చేత్తో సైగ చేసి కాగితం అడిగి, దానిమీద "ఇది కొరుకుట కాదు, పరీక్షించుట మాత్రమే" అని రాసి సంతకం పెట్టారు. తర్వాత ముక్కని పావురాలకి వేశారు. జోగారావు గారి రొట్టె కూడా పావురాలకే పోయింది, ఏకరూప నిబంధన కింద.

గురువారం ఒక గుండ్రటి కట్టడం దగ్గరికి తీసుకెళ్ళాను. చుట్టూ కిటికీలు, కిటికీకో పొయ్యి. మూరెడు పొడుగు రొట్టెని నిలువునా చీల్చి, పుట్టగొడుగులు, జున్ను పరిచి కాల్చి ఇస్తారు. ఎదురెదురు కిటికీల దగ్గర ఇద్దరినీ నిలబెట్టాను. ఇద్దరికీ రొట్టె ఒకే క్షణంలో అందింది. కానీ మధ్యలో కట్టడం అడ్డం. అవతలాయన తినలేదని ఇవతలాయనకి నమ్మకమేమిటి? నేను చుట్టూ పరుగెత్తుతూ అక్కడివారి సంగతి ఇక్కడా, ఇక్కడివారి సంగతి అక్కడా చెప్పాను. నేను దాటిపోయిన అర నిమిషంలో ఏం జరిగిందో ఎవరు చూశారని ఇద్దరూ ఒకే ప్రశ్న వేశారు. ఇరవై మూడు ప్రదక్షిణలు చేశాను. జున్ను గడ్డకట్టింది. ఇద్దరూ రొట్టెలు నా చేతిలో పెట్టేసి హోటలుకి వెళ్ళిపోయారు. నేను రెండూ తిన్నాను. క్రాకోవ్‌లో నేను తిన్న అన్నిటిలోనూ అదే గొప్ప భోజనం. వెళ్తే తప్పకుండా తినండి.

ఆ సాయంత్రానికి జంతికల డబ్బాలు రెండూ ఖాళీ అయ్యాయి. మాకు మిగిలింది శుక్రవారం ఒక్కటే. మా ఆఫీసు సాయంత్రం ఐదున్నరకి మూస్తారు. అంటే క్రాకోవ్‌లో మధ్యాహ్నం రెండు.

శుక్రవారం పదకొండున్నరకి పాల క్యాంటీనుకి చేరాం. తెల్ల పలకల గోడలు, గచ్చు నేల, ఉడికిన దుంపల వాసన. ముసలివాళ్ళు, విద్యార్థులు, సున్నం మరకల బట్టల్లో తాపీవాళ్ళు ఒకే వరసలో నిలబడి ఉన్నారు. వరస గురించి హెడ్డాఫీసు సలహా అప్పుడే వచ్చింది.

"సదరు వరుసను నిలువు వరుసగా గాక అడ్డు వరుసగా పరిగణించి, అధికారులిరువురు పార్శ్వభాగమున నిలువవచ్చును."

అలాగే ఇద్దరూ భుజం భుజం కలిపి నిలబడ్డారు. ఒక ముసలావిడ చక్రాల సంచీ లాక్కుంటూ వచ్చి, కర్రతో నేలమీద గీత గీసినట్టు చూపించి గట్టిగా ఏదో అంది.

"వరస అంటే ఒకరి వెనక ఒకరు, అంటోంది," అంది హలీనా గారు ఇబ్బందిగా. "ఇక్కడ మా మేయరు గారు కూడా అలాగే నిలబడతారు."

"మీ మేయరు గారు ఒక్కరే కదమ్మా. వారికేం ఇబ్బంది?" అన్నారు కూర్మనాథం గారు.

ముసలావిడ ఇద్దరి మధ్యలోంచీ సంచీ తోసుకుంటూ ముందుకెళ్ళిపోయింది. ఆమె వెనకే తాపీవాళ్ళు. చిన్నపిల్లల బడి ఒకటి వెళ్ళింది. మేం ఉన్నచోటే ఉన్నాం. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఒకటింబావు అయింది. వంటింటి కిటికీ లోంచి నూకరత్నం మమ్మల్ని చూస్తూనే ఉంది. చివరికి తల గుడ్డ విప్పి చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"సార్లూ, మీకు దణ్ణవెడతాను. పదకొండుమంది ఆడోల్లం. బళ్ళమ్మీసి షెడ్డులోకి పొయ్యిలు తెచ్చీసినాం. మీరొక్క ముద్ద తిని సంతకమెట్టకపోతే మాకు బండీ లేదు, షెడ్డూ లేదు. ఇంతింత సదువులు సదివినారు, ఒకలెనక ఒకలు నిలబడ్డం రాదా?" అంది. ఐదు రోజుల్లో ఆమె ఎవరినైనా బతిమాలడం నేను వినడం అదే మొదటిసారి. నాకు నామీద నాకే అసహ్యమేసింది.

"అమ్మా, ఇది మా వ్యక్తిగత విషయం కాదు. ట్రిబ్యునల్ పరిధిలో..." అని మొదలుపెట్టిన కూర్మనాథం గారు వాక్యం పూర్తి చేయలేదు. ముఖం తెల్లబోయింది. నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి గోడ కోసం వెతికింది. హలీనా గారు కుర్చీ లాగేలోపల ఆయన నేలమీద కూలబడ్డారు.

"ముందు ఆయనకి పెట్టండి!" అని పెద్ద కేక వినిపించింది.

ఆ కేక జోగారావు గారిది. పంతొమ్మిదేళ్ళలో ఆ నోట ఆ మాట వస్తుందని ట్రిబ్యునల్ జడ్జీ కూడా అనుకుని ఉండడు.

"తియ్యటిది ముందు! ఆ పళ్ళరసం తెండి. ఆయనకి సుగరు. పొద్దున్న ఏడూ ఇరవైకి మాత్ర వేసుకున్నాడు, ఇప్పటిదాకా పచ్చిమంచినీళ్ళే!" అంటూ వరసనంతా తోసుకెళ్ళి, ఇరెనా చేతిలోంచి కొంపోత్ గ్లాసు లాక్కుని, నేలమీద మోకాళ్ళమీద కూర్చుని కూర్మనాథం గారి పెదవులకి ఆనించారు.

"మాత్ర టైము మీకెలా తెలుసు సార్?" అన్నాను నేను, అడగకూడని సమయంలో.

"తెలియకపోవడమేమిటయ్యా! పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఎప్పుడు లేస్తాడో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటాడో, దగ్గితే ఏ మందు తాగుతాడో అన్నీ రాసుకుంటున్నాను. నాకంటే ఒక్క నిమిషం ముందు ఏం చేసినా నేను రిప్రజెంటేషన్ పెట్టుకోవాలి కదా! ఆయన భార్యకి కూడా అంత తెలీదు. చూస్తావేం, స్పూను అందుకో!"

కూర్మనాథం గారు ఒక గుటక వేశారు. ఇంకో గుటక. రెండు మూడు నిమిషాలకి ముఖంలోకి రంగు వచ్చింది. నూకరత్నం పళ్ళెం తెచ్చింది. జోగారావు గారు పియెరోగీని స్పూనుతో సగానికి పగులగొట్టి, ఊది, ఆయన నోట్లో పెట్టారు. పగులగొట్టుటకు అధికారము గురించి ఎవరూ అడగలేదు. ఒంటిగంటా ముప్ఫై నాలుగు నిమిషాలని నేను పుస్తకంలో రాసుకున్నాను. నీళ్ళచుక్క పడి ఆ అంకెలు ఇప్పటికీ సరిగ్గా కనబడవు. నేను ఏడ్చానని హలీనా గారు అందరికీ చెబుతోందట. ఏడ్చాను, అయితే ఏమిటి?

"జోగారావు గారూ, మీరూ తినండి," అన్నారు కూర్మనాథం గారు నీరసంగా.

"మీరు కానివ్వండి. నాకు తొందర లేదు," అన్నారు జోగారావు గారు. ఆ తర్వాత ఆయన మూడు పళ్ళాలు తిన్నారు. సూపు వేరే. ధ్రువీకరణ మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఒంటిగంటా యాభై రెండుకి పంపించాను. "అందినది" అని హెడ్డాఫీసు నుంచి ఒక్క మాట వచ్చింది. నూకరత్నమూ ఇరెనా ఒకరినొకరు కావలించుకుని, వాళ్ళ వాళ్ళ భాషల్లో ఒకేసారి మాట్లాడేసుకున్నారు.

ఇక్కడితో కథ సుఖంగా ముగియాలి. మీకు మా ఆఫీసు సంగతి తెలీదు.

తిరిగొచ్చిన వారంలో కూర్మనాథం గారు ట్రిబ్యునల్‌లో అఫిడవిట్ వేశారు. "నాకు ముందుగా అన్నం పెట్టించిన వ్యక్తి నాకంటే పెద్దవారని విన్నవించుకొనుచున్నాను," అని. అదే రోజు జోగారావు గారు ఇంకొకటి వేశారు. "రికార్డు ప్రకారము నాకంటే ముందు భుజించినవారు నాకంటే సీనియరని అంగీకరించుచున్నాను," అని. రెండు పక్షాలూ అవతలి పక్షమే గెలవాలని వాదిస్తే తీర్పు ఎవరికి ఇవ్వాలో చట్టంలో లేదని ట్రిబ్యునల్ వాయిదా వేసింది. ఇద్దరు వకీళ్ళూ బెంగ పెట్టుకున్నారు.

ఇప్పుడు మా ఆఫీసులో సమావేశాలు మొదలవవు. గుమ్మం దగ్గర "తమరు ముందు" అని ఒకరు, "ఎంతమాట, తమరే ముందు" అని ఒకరు నిలబడిపోతారు. అప్పలస్వామి రెండు గ్లాసులూ పట్టుకుని చేతులు మెలేసుకునే ఉంటాడు, టీ చల్లారిపోతుంది. ఇద్దరి వినయంలో వ్యత్యాసము సంభవించకుండా చూచుటకు నాకు కొత్త సర్క్యులర్ ఇచ్చారు.

భోజనశాల మాత్రం మంజూరైంది. ప్రారంభోత్సవానికి రైతుబజారులో షెడ్డు గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. నేను ముందుజాగ్రత్తగా రెండు పళ్ళాల్లో రెండు కత్తెరలు పెట్టాను. కూర్మనాథం గారు తన కత్తెర తీసి జోగారావు గారి చేతిలో పెట్టారు. జోగారావు గారు తన కత్తెర తీసి కూర్మనాథం గారి చేతిలో పెట్టారు. మళ్ళీ మార్చుకున్నారు. ఉదయం ఎనిమిదికి మొదలైన ఆ మర్యాద పదిన్నరదాకా సాగింది. తెల్లారకముందు నుంచి బస్తాలు మోసిన హమాలీలు నలభైమంది వాసన పీలుస్తూ ఎండలో నిలబడ్డారు. లోపల ఇడ్లీలు ఉన్నాయి, పులిహోర ఉంది, నూకరత్నం క్రాకోవ్ నుంచి తెచ్చుకున్న విద్యతో ఉడకబెట్టిన దుంపల కజ్జికాయలున్నాయి.

నూకరత్నం గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఒకసారి అటూ ఇటూ చూసింది.

"బాబులూ, ఆ రిబ్బను సంగతేటో మీరూ మీరూ సూసుకోండి. ఒరే హమాలీలూ, మీకేటి సోద్యం? ఒంగి లోపలికొచ్చీండ్రా, సల్లారిపోతన్నాయి!" అంది.

నలభైమందీ తలపాగాలు పట్టుకుని, వంగి, రిబ్బను కింద నుంచి దూరి లోపలికెళ్ళారు.

నాలుగు నెలలైంది. రిబ్బను ఇంకా కత్తిరించలేదు. లెక్కప్రకారం ప్రారంభోత్సవం జరుగుతూనే ఉంది. రోజూ ఆరేడు వందల మంది వంగి లోపలికెళ్ళి, కడుపునిండా తిని, కొంచెం కష్టంగా వంగి బయటికొస్తున్నారు. అధికారికంగా ఇంకా ప్రారంభం కాలేదు కాబట్టి తనిఖీలు, కమిటీలు, సర్క్యులర్లు, ఏవీ ఆ షెడ్డుకి వర్తించవని హెడ్డాఫీసు లిఖితపూర్వకంగా తేల్చింది. మొన్న గాలివానకి రిబ్బను తెగి కింద పడిందట. ఎవరూ చూడకముందే నూకరత్నం పరుగున వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చి, తన చేత్తో గట్టిగా ముడేసి కట్టేసింది.